బూడిదమెట్ట నీలపు గింజ

ఏసుపాదం చేతిలో పడితే ఏ రాయైనా గాజైపోతుందని గుణదలలో చెప్పుకుంటారు. ఎక్కువగా చెప్పుకునేది ఏసుపాదమే. ఒకసారి తను అరగదీసిన రాయి ఎంత పలచగా వచ్చిందంటే, ఎవరో ఫ్యాను వేసేసరికి అది లేచిపోయి గోడ మీది బల్లి వీపుకి అంటుకుందట. హనుమయ్య మాస్టారు ఆ బల్లిని మైక్రోస్కోపు కింద పెట్టి డిగ్రీ పిల్లలకి గంటసేపు పాఠం చెప్పారట. మాస్టారు ఈ మాట ఎన్నడూ కాదనలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది కాబట్టి ఇక కాదనే అవకాశమూ లేదు.

బల్లిని పక్కన పెట్టినా, పని మాత్రం నిజం. పదో తరగతి తప్పిన ఏసుపాదం పంతొమ్మిదో ఏట విజయవాడలో ఒక కాలేజీ భూగర్భశాస్త్ర విభాగంలో అటెండరుగా చేరాడు. కుర్చీలు తుడవమంటే ఆర్నెల్లు తుడిచాడు. ఆ తర్వాత హనుమయ్య మాస్టారు అతని చేతులు చూసి చక్రం ముందు కూర్చోబెట్టారు. కొండ మీంచి తెచ్చిన రాయిని ఆ చక్రం మీద పలకగా కొయ్యాలి. ఒక ముఖం నున్నగా చేసి గాజు బిళ్ళకి బంకతో అంటించాలి. వెనక మందమంతా మళ్ళీ కోసేసి, మిగిలిన పొరను గాజు పలక మీద కార్బొరండం గరుకుపొడీ నీళ్ళూ వేసి, ఎనిమిది అంకె తిప్పినట్టు తిప్పుతూ రుద్దాలి. రుద్ది రుద్ది వెంట్రుక మందంలో సగానికి తేవాలి. అప్పుడు నల్లరాయిలోంచి కూడా వెలుగు దూరుతుంది. కింద పేపరు పెడితే అక్షరాలు కనిపిస్తాయి.

ఎక్కడ ఆపాలన్నదే ఇందులో విద్య. దానికి పలుగురాయి గింజలు సాక్ష్యం చెబుతాయి. స్లైడును మైక్రోస్కోపులో రెండు పోలరాయిడ్ అద్దాల మధ్య పెట్టి చూస్తే, మందాన్ని బట్టి పలుగు రంగు మారుస్తుంది. మందంగా ఉంటే పసుపు, తగ్గేకొద్దీ ఎండుగడ్డి రంగు, సరిగ్గా కుదిరినప్పుడు తెలుపు కలిసిన బూడిద రంగు. ఆ పైన ఇంకో నాలుగు తిప్పులు తిప్పితే నలుపు. ఆ తర్వాత గాజు బిళ్ళా, మన మొహమూ మిగులుతాయి. ఈ రంగుల లెక్కలో ఏసుపాదం కుడి కన్నుకి కోస్తా జిల్లాల్లో తిరుగు లేదని పేరు. పట్టా ఉన్నవాళ్ళు పుస్తకం తెరిచి రంగుల పట్టిక వెతికే లోపు, తను స్లైడు తుడిచి కాగితంలో చుట్టేసేవాడు.

కాలేజీలో ఆ విభాగం ఇప్పుడు లేదు. ఊరంతా కోచింగులకి పోతుంటే రాళ్ళు చదివేదెవరు? ఆఖరి ఏడాది ఇద్దరు చేరారు. అందులో ఒకడు రైలు పాసు కోసం చేరాడు. విభాగం మూసేసిన రోజు చక్రాన్నీ, ఒంటికన్ను ఇత్తడి మైక్రోస్కోపునీ పాత ఇనుము వాడికి తూకానికి వేస్తుంటే ఏసుపాదం అడ్డం పడి కొనుక్కున్నాడు. రెండు ఆటోల్లో ఇంటికి తెచ్చి, పక్కన రేకుల వసారాలో బిగించాడు. రోజూ గవర్నర్‌పేటలో నల్లరాతి పలకల దుకాణానికి వెళ్ళి, ఇళ్ళకీ సమాధులకీ పేర్లు చెక్కుతాడు. ఎప్పుడైనా ఏ విశాఖపట్నం నుంచో పరిశోధన పిల్లలు రాళ్ళు పంపితే ఆదివారాలు కోసిపెడతాడు.

అరవై రెండేళ్ళొచ్చాయి. ఒకప్పుడు రాయిని రుద్దితే రాయి అరిగేది. ఇప్పుడు మణికట్టు ముందు అరుగుతోంది. సాయంత్రం సిటీ బస్సు దిగి ఇంటికి నడిచే ఆ కాస్త ఎత్తు దారిలో రెండుచోట్ల ఆగుతాడు. ఆగినట్టు కాకుండా, సెల్లు చూసుకుంటున్నట్టు నిలబడతాడు. సెల్లులో ఛార్జింగు ఉండదు. ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కోవడానికి లేవాలంటే, అదేదో వేరేవాళ్ళ కాళ్ళు కడగడానికి పోతున్నంత బద్ధకం. మిగిలిన ఓపిక కాస్తా భార్య శౌరమ్మ మీద విసుక్కోవడానికి సరిపోతుంది. ఏడాదిగా అతని విసుగంతా చొక్కాల మీదే.

"ఇది తెల్లచొక్కాయేనా? పసుపు నీళ్ళల్లో ముంచినట్టుంది."

"నీకెన్ని మంచినీళ్ళతో ఉతికినా అంతేనయ్యా. రేపు చర్చిలో పూజకి నల్లది ఏసుకో, ఏ గోలా ఉండదు," అనేది శౌరమ్మ. అంటూనే బకెట్టులో ఇంకో చెంచా నీలిమందు పోసేది.

అక్షయ వచ్చింది ఒక మంగళవారం పొద్దున. విశాఖపట్నంలో పరిశోధన చేస్తోంది. వీపున సంచీ, కాళ్ళకి బురద బూట్లు, మెడలో భూతద్దం.

"ఏసుపాదం గారంటే మీరేనాండీ?"

"కాదంటే వెళ్ళిపోతావా?" అన్నాడు పీట మీంచి లేవకుండానే. లేవకపోవడం గర్వం కాదు, మోకాళ్ళు.

"వెళ్ళనండీ."

"అయితే నేనే."

ఆ పిల్ల సంచీలోంచి అగ్గిపెట్టె తీసింది. లోపల దూదిలో ఒక రాతిముక్క. నాలుగు చింతగింజలు కలిపితే ఉన్నంత ఉంది. గోధుమ రంగులో ఎర్రటి గార్నెట్లు గుచ్చినట్టున్నాయి. ఒక ముఖం మీద మాత్రం ఆవగింజంత ముదురు నీలపు మరక.

"బూడిదమెట్టదండీ. ఇబ్రహీంపట్నం అవతల ఉండేది చూడండి."

"ఉండేదేంటి?"

"ఇప్పుడు లేదండీ. మొత్తం కంకరకి పోయింది. మొన్న వెళ్తే అక్కడ మెట్ట లేదు, గొయ్యి ఉంది. హనుమయ్య మాస్టారు అప్పట్లో మా మ్యూజియానికి పంపిన ముక్క ఇది. సగం పెద్ద మెషీన్ లాబుకి పంపాం. వాళ్ళు స్లైడు చేస్తే నీలం గింజ ఊడిపోయి బొక్క మిగిలింది. ఇక ఇదే అంకుల్. ఇది పోతే ఇంకెక్కడా లేదు."

ఆ ఆవగింజ కోసం ఇంత హైరానా ఎందుకో ఏసుపాదానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మాస్టారు పాతికేళ్ళపాటు పిల్లలకి చెప్పిన పాఠం, తలుపు దగ్గర నిలబడి పాతికేళ్ళూ విన్నాడు. ఇంద్రకీలాద్రి మొదలుకొని తూర్పు కనుమల కొండలన్నీ ఒకప్పుడు సముద్రం అడుగున బురద. నూట అరవై కోట్ల ఏళ్ళ కిందట నేల నేలా ఢీకొని పర్వతాలు లేస్తే, ఆ బురద ముప్పై కిలోమీటర్ల లోతుకి దిగబడింది. అక్కడి బరువుకీ వేడికీ బురదలోని సరుకంతా మళ్ళీ సర్దుకుని గార్నెట్లయింది, సూదుల్లాంటి సిల్లిమనైట్ అయింది, పలుగైంది. ఆ రాయినే ఖొండలైట్ అన్నారు. పైన పర్వతాలు వానకీ గాలికీ కొట్టుకుపోయాయి. కింద ఉడికిన పునాదులు బయటికి తేలాయి. ఇల్లు పోయి పునాది మిగిలితే, దాన్నే మనం కొండ అంటున్నాం. దాని మీదే గుళ్ళూ చర్చీలూ కట్టుకుని కొబ్బరికాయలూ కొవ్వొత్తులూ అమ్ముకుంటున్నాం.

ఇక ఆ నీలం. దాని పేరు సఫిరిన్. అదీ, పలుగూ పక్కపక్కన ఒంటికి ఒళ్ళు తగిలించుకుని కూర్చోవాలంటే వెయ్యి డిగ్రీల దగ్గర వేడి ఉండాలి. కాస్త చల్లబడ్డదా, రెండింటికీ పడదు. కార్డిరైట్ అని ఒక మూడోది మధ్యలో సన్నటి పొరలా పుట్టి, కొత్త కాపురంలోకి దిగిన ఆడబిడ్డలా కూర్చుంటుంది. ఆ మూడోది లేకుండా నీలం పలుగుకి నేరుగా తగిలిన చోటు ఒక్కటి చూపిస్తే చాలు. ఈ కొండల కింద ఒకప్పుడు అంత వేడి ఉండేదని అక్షయ రాసిన ఆఖరి అధ్యాయం నిలుస్తుంది. చూపించకపోతే, ఆ అధ్యాయం కొట్టేయమని గైడు గారు ముందే చెప్పారు. నాలుగేళ్ళ చదువు.

"రేపు సాయంత్రం రా," అన్నాడు ఏసుపాదం. "టీ తాగి, ఫోటో తీసుకుని పో."

"జాగ్రత్తండీ. ముక్క చిన్నది."

"అమ్మాయ్, నేను బియ్యపుగింజని అడ్డంగా కోసి మూడు స్లైడులు చేసినోణ్ణి."

"బియ్యానికి స్లైడెందుకండీ?"

"పందెం," అన్నాడు. అబద్ధమే. అయినా ఆ పిల్ల నవ్వింది. నవ్వుతూ బూట్ల ముడి వేసుకుని కొండపల్లి బస్సెక్కింది.

మర్నాడు దుకాణానికి సెలవు పెట్టాడు. చక్రం నీళ్ళు చిమ్ముతూ కోసింది. నున్నగా చేసిన నీలపు ముఖాన్ని గాజు బిళ్ళకి అంటించి, వెనక మందం తీసేశాడు. మధ్యాహ్నానికి గాజు పలక ముందు కూర్చుని రుద్దడం మొదలెట్టాడు. రేకుల కింద వేడి. భుజం నుంచి వేలి కొస దాకా ఒక పాత నొప్పి, రోజూ వచ్చే పోస్టుమాను లాగా తలుపు తట్టింది. తిప్పడం, కడగడం, మైక్రోస్కోపులో చూడటం. పసుపు. మళ్ళీ తిప్పడం, కడగడం, చూడటం. పసుపే.

మామూలుగా అయితే ఈపాటికి గడ్డి రంగు రావాలి. ఈ రాయి మొండిది కాబోలనుకున్నాడు. వేళ్ళకింద చప్పుడు మారింది. గరగర పోయి, పట్టుబట్ట మీద గోరు రాసినట్టు ఒక సన్నటి కీచు. నలభై ఏళ్ళు దాటిన అలవాటు వేళ్ళని ఒకసారి ఆపింది కూడా. కానీ ఎన్నాళ్ళనుంచో ఆ వసారాలో యజమాని కన్నే. కన్ను పసుపంటే వేళ్ళు నోరు మూసుకోవాలి. పైగా అలసట. అలిసినవాడికి ఆపడం కంటే అదే తిప్పుడు తిప్పుతూ పోవడమే తేలిక. ఇంకో పది తిప్పాడు. ఇంకో పది. పసుపు పోలేదు గానీ కాస్త మసకబారింది. "ఇదే గడ్డి రంగు, ఇంతకన్నా రాదు," అనుకుని కడిగి పెట్టేశాడు.

సాయంత్రం అక్షయ వచ్చి, నిలబడే కన్ను పెట్టింది. స్లైడు అటు జరిపింది, ఇటు జరిపింది.

"అంకుల్, ఇది నలుపండీ."

"ఏది?"

"పలుగు. బూడిద రంగు దాటి నలుపుకి దిగింది. గార్నెట్లన్నీ రాలిపోయినయ్. నీలం దగ్గర… ఏం లేదండీ. ఉత్త గాజు."

"నలుపేంటి? శుభ్రంగా గడ్డి రంగుంటే! చూడటం రావాలమ్మా. ఆ రాయే మెత్తన. బూడిదమెట్ట సరుకంతా అంతే, చేత్తో పట్టుకుంటే పిండి," అన్నాడు ఏసుపాదం. గొంతు పెద్దదయింది. "మీ పెద్ద మెషీనోళ్ళకే ఆగలేదు, నాకెట్టా ఆగుద్ది?"

ఆ పిల్ల పక్కకి జరిగి చోటిచ్చింది. అతను కూర్చుని కుడి కన్ను పెట్టాడు. పసుపే. మసక తేనె రంగు పసుపు. తల ఎత్తబోతూ, ఏం తోచిందో, ఎడమ కన్ను పెట్టాడు. ఆ కంట్లో ఎప్పుడో రాతి రజను పడి చూపు ఆవిరి పట్టినట్టుంటుంది. ఆకారాలు తెలియవు గానీ రంగులు తెలుస్తాయి. దాన్ని ఎన్నడూ ఈ పనికి వాడలేదు.

ఎడమ కంటికి అంతా నలుపు.

కుడి పెట్టాడు, పసుపు. ఎడమ పెట్టాడు, నలుపు. వసారాలో ఫ్యాను తిరుగుతోంది. బల్లి ఎక్కడా లేదు.

"అంకుల్," అంది అక్షయ నెమ్మదిగా, "మీరు నీలం చొక్కా వేసుకున్నారే, అది దుకాణం యూనిఫారమాండీ?"

"తెల్లది."

"కాదండీ. ఆకాశం రంగులో ఉంది."

గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడ్డ శౌరమ్మ అక్కడే ఆగిపోయింది. "ఏడాదినుంచీ పసుపు పసుపు అని చంపుతుంటే నేనే నీలిమందు పోసీ పోసీ… పూజలో పక్కింటి ఆదెమ్మ అడిగింది కూడా, మీ ఆయన సెక్యూరిటీలో చేరాడా అని. పసుపు చొక్కాకి కాదా, నీ కంటికా?"

ఏసుపాదం చొక్కా చేతిని ఎడమ కంటి దగ్గరికి పట్టి చూశాడు. కంట్లో శుక్లం ముదిరితే తెలుపూ బూడిద రంగూ పసుపవుతాయని అతనికి తెలియక కాదు. మాస్టారికి అలాగే అయింది. మాస్టారి చూపు మందగించాక వచ్చిన స్లైడులన్నీ తనే చూసి పంపాడు. తన కంటికీ ఆ రోజు వస్తుందన్నది మాత్రం ఆ పాఠంలో ఎవరూ చెప్పలేదు. ఈ ఏడాదిలో పంపిన స్లైడులు ఎన్ని పలచబడి పోయాయో, ఎంతమంది పిల్లలు మర్యాదకి నోరు మూసుకున్నారో!

"రాయి మెత్తన కాదమ్మా," అన్నాడు చివరికి. "రాయి గట్టిదే. నేనే దాటేశాను. వేళ్ళు చెప్పినయ్, వినలేదు."

"పోన్లెండి అంకుల్." ఆ పిల్ల ఖాళీ అగ్గిపెట్టెని సంచీలో పెట్టుకుంది. "అధ్యాయం తీసేస్తా. మిగతా నాలుగున్నయ్‌గా."

తిట్టినా బాగుండేది. తిడితే తనూ రెండు మాటలనేవాడు, ఆ వేడిలో ఈ బరువు కాస్త కరిగేది. ఆ పిల్ల టీ తాగుతూ చక్రం కేసి చూస్తోంది. మాస్టారి నోటుబుక్కు జిరాక్సు తీసి బూడిదమెట్ట పేజీ దగ్గర పెన్సిలుతో అడ్డంగా గీత గీయబోయింది.

"ఏమని రాసుంది అందులో?" అడిగాడు, ఏదో ఒకటి అడగాలని.

"బూ.మె. మూడు. నీలం ఉన్నది ఇదొక్కటేనండీ. అరచేయంత రాయి. సగం మ్యూజియానికి, సగం క్లాసు పిల్లల కోతకి అని ఉంది."

"క్లాసు పిల్లల కోతకి," అన్నాడు ఏసుపాదం. పీట మీంచి మెల్లగా లేచాడు. పిల్లలు కోయగా మిగిలిన ముక్కల్ని కాలేజీలో పారెయ్యమనేవారు. తను ఏనాడూ పారేసింది లేదు. అన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, పెరట్లో శౌరమ్మకి అంట్లు తోముకునే గట్టు కట్టాడు. రెండొందల పైచిలుకు ముక్కలు నున్నటి ముఖం పైకి పెట్టి సిమెంటులో పొదిగాడు. చూడటానికొచ్చినవాళ్ళకి, ఇట్టాంటి గట్టు రాజులకి కూడా లేదని చెప్పేవాడు. రాజులు అంట్లు తోముకోరని శౌరమ్మ అనేది.

"శౌరీ, బూడిదమెట్ట రాయి ఎక్కడ పెట్టాను? కుడి మూల కదా?"

"నీకేం తెలుసయ్యా? పద్నాలుగేళ్ళుగా తోముతున్నది నేను," అంది శౌరమ్మ, అప్పుడే పెరటి వైపు నడుస్తూ. "ఎర్రచుక్కలుండి నడుమ నీలం మచ్చలున్నదేగా? కుళాయి కింద, ఎడం పక్క. నేను సబ్బు పెట్టేది దాని మీదే. ఆ మచ్చలు మరకలేమోనని కొత్తలో నెల రోజులు పీచుతో గీకాను, పోలా."

ముగ్గురూ గట్టు ముందు వంగారు. సబ్బుజిగురు కడిగితే రాయి మెరిసింది. నడుమ రెండు నీలపు మచ్చలు, అగ్గిపెట్టెలోదాని కంటే పెద్దవి. అక్షయ భూతద్దం పెట్టి రెండింటినీ చూసింది. మళ్ళీ వెనక్కి వాలింది.

"కానీ ఇది ఆ రాయేనని నేనెలా రాసేదండీ? గట్టులో దొరికిందంటే గైడు గారు నవ్వుతారు."

"నవ్వనీ. మాస్టారు ప్రతి ముక్క వెనకా తెల్లరంగు పూసి నంబరు వేయించేవారు. ముక్క చిన్నదైతే నంబరు చిన్నది. నంబరు లేని ముక్క ఉంటే ఆ పూట టీ లేదు." ఏసుపాదం భార్య వైపు చూశాడు. "గట్టు పగలాలి."

"పగలగొట్టుకో, నాకేం. వీటిని తోమలేక నా చేతులే ఖొండలైటయినయ్. కానీ కుళాయి వచ్చేలోపు పూడ్చి పెట్టాలి. అంట్లన్నీ పడున్నయ్."

ఉలి తనే పట్టుకున్నాడు. చుట్టూ సిమెంటుని ముందు తడిపి, చిన్న చిన్న దెబ్బలతో గీరాడు. సమాధి పలక మీద పేరు చెక్కేటప్పుడు ఆఖరి అక్షరం దగ్గర వేసే దెబ్బలవి. రాయి కదిలి చేతిలోకొచ్చింది. వెనక సిమెంటు పెచ్చు అంటుకుంది. శౌరమ్మ పాత బ్రష్షు తెచ్చి రుద్దితే పెచ్చు రాలి, కింద పసుపెక్కిన తెల్లరంగు, దాని మీద నల్లసిరాలో సగం చెరిగిన 'బూ', చెక్కుచెదరని మూడు అంకె. అంకె తోక పైకి తిరిగి ఉంది. అక్షయ నోటుబుక్కు జిరాక్సు పక్కన పెట్టి చూసింది. అందులోనూ మూడుకి తోక అలాగే ఉంది.

"అంకుల్," అంది. రాయిని రెండు చేతుల్తో అందుకుంది.

"నేను కోస్తాను, రుద్దుతాను," అన్నాడు ఏసుపాదం. "రంగు నువ్వు చెప్పాలి. నా కంటిని అడగొద్దు."

మర్నాడు తెల్లారి మొదలెట్టారు. నీలం ఉన్న భాగాన్ని కోసి అంటించి, బంక ఆరాక వెనక మందం తీసేసరికి పన్నెండయింది. తర్వాత పది తిప్పులు తిప్పడం, కడిగి అందించడం. ఆ పిల్ల ఒంటికన్ను మైక్రోస్కోపు మీద వంగి రంగు పిలవడం.

"ఎరుపూ నీలం కలిసుందండీ."

పది తిప్పులు.

"నారింజ."

పది తిప్పులు. ముప్పై ఏళ్ళు తను చెప్పిన రంగుని పట్టాలున్నవాళ్ళు రాసుకునేవాళ్ళు. ఇప్పుడు ఇంకొకరు చెబితే తను చెయ్యి తిప్పుతున్నాడు. అవమానం అనుకుందామంటే దానికీ ఓపిక కావాలి. మణికట్టు సలుపుతుంటే ఎడమ చేత్తో పట్టుకుని తిప్పాడు.

"పసుపు."

అయిదు తిప్పులు.

"పసుపే. కాస్త పలచన."

మూడు.

"గడ్డి రంగు, అంకుల్! నీలం అట్టానే ఉంది."

రెండు. వేళ్ళ కింద చప్పుడు మారింది. గరగర సన్నబడి, ఆ పట్టుబట్ట కీచు మొదలయ్యే ముందు వచ్చే నిశ్శబ్దం. ఏసుపాదం చెయ్యి ఆగింది.

"ఇంకొంచెం అండీ. ఇంకా లేతగడ్డి ఉంది. ముప్పై మైక్రాన్లు రావాలి, తెల్లబూడిద కావాలి. నాలుగు తిప్పులు వెయ్యండి."

"చాలు."

"లేదంకుల్, పుస్తకం ప్రకారం…"

"పుస్తకం అన్ని రాళ్ళకీ రాశారు. ఈ నీలం పక్క రాయి కంటే గట్టిది. చుట్టూ ఉన్నది అరుగుతుంది, ఇది అరగదు. ఇంకో తిప్పుకి అంచు లేస్తుంది, దాని పై తిప్పుకి ఊడుతుంది. నిన్న ఇక్కడే చెప్పినయ్ వేళ్ళు. నిన్న నా కన్ను పసుపంది, దాని మాట విన్నా. ఇవాళ నీ కన్ను ఇంకా గడ్డి రంగంటోంది. నీది మంచి కన్నేనమ్మా. అయినా వినను."

అక్షయ అతని చేతి వంక చూసింది. స్లైడుని పట్టుకున్న మూడు వేళ్ళు గాజు మీద కదలకుండా ఉన్నాయి.

"ముప్పై మైక్రాన్లకి నీలం ఊడిపోవడం కంటే ముప్పై అయిదుకి నీలం ఉండటం మంచిదంటారు."

"నేనేమీ అన్ను. వేళ్ళంటున్నయ్."

"సరేనండీ. ఆపేద్దాం."

కడిగి, తుడిచి, తనే మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఆ పిల్ల వంగింది. శౌరమ్మ చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. అక్షయ స్లైడుని వెంట్రుకవాసి చొప్పున జరుపుతోంది. ఒక మచ్చ చుట్టూ తిరిగింది. "పొరుందండీ. దీని చుట్టూ మొత్తం కార్డిరైట్ పొరుంది." రెండో మచ్చకి వెళ్ళింది. "దీనికీ ఉంది. ఇక్కడా ఉంది… ఇక్కడా…"

ఏసుపాదం నేల మీద గోడకి జారగిలబడ్డాడు. కోట్ల ఏళ్ళు మెల్లగా చల్లారిన రాయి. అన్ని ఏళ్ళలో ఆ మూడోది దూరని సందు ఎక్కడ మిగులుతుందిలే అనుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే పసుపూ లేదు, నలుపూ లేదు. హాయిగానే ఉంది.

"అంకుల్."

"ఊ."

"ఒక్కచోట. అడుగున, మూల దగ్గర. మధ్యలో ఏం లేదు. నీలం, పలుగు. నేరుగా."

"ఎంత మేర?"

"వెంట్రుక మందం ఉంటుందేమో."

"చాలుద్దా?"

"చాలండీ," అంది. "ఒక్కచోటు చాలు." కాసేపటికి కళ్ళు తుడుచుకుని ఫోటోలు తీయడం మొదలెట్టింది. పదిహేను తీసింది, ఇరవై తీసింది. శౌరమ్మ కూడా వంగి చూసి, ఇంతేనా, నా సబ్బు కిందున్నప్పుడే బాగుందని చెప్పింది.

"మీరూ చూడండి అంకుల్."

"టీ గ్లాసులోంచి చూసినట్టుంటుంది నాకు. నువ్వు చూశావుగా."

"కంటికి ఆపరేషన్ అయితే అంతా మామూలుగా కనిపిస్తుందటండీ. నీలం ఇంకా నీలంగా కనిపిస్తుందట. చేయించుకోండి. మా వాళ్ళవి ఇంకా నలభై రాళ్ళున్నయ్, మీకే పంపిస్తా."

"కంటికుంది ఆపరేషను. మణికట్టుకేది?" అన్నాడు ఏసుపాదం. "కన్ను చేయించుకుంటాలే, శౌరమ్మ చొక్కాలు చూడటానికి. రాళ్ళు మాత్రం పంపకు. ఎవరైనా నేర్చుకుంటానంటే పంపు. చక్రం ఇక్కడే ఉంటుంది."

ఆ మాట అన్నాక, బల్లి కథో బియ్యపుగింజ కథో ఒకటి చెబుతాడేమోనని ఆ పిల్ల ఆగింది. అతను చెప్పలేదు. చెప్పడానికి కూడా అలిసిపోయాడు. ఆ పిల్ల స్లైడుని కాగితంలో చుట్టి, దూదిలో పెట్టి, ఆ దూదిని డబ్బాలో పెట్టి, డబ్బాని గుండెకి ఆనించుకుని సాయంత్రం రైలుకి వెళ్ళిపోయింది.

పెరట్లో గట్టుకి ఎడం పక్క గుంట అలాగే ఉంది. మొదటి రోజు పూడుస్తానన్నది రెండో రోజుకి వచ్చింది. శౌరమ్మ ఆ సంగతి నాలుగుసార్లు గుర్తు చేసింది. ఏసుపాదం డబ్బాలో మిగిలిన సిమెంటు నీళ్ళతో కలిపి, గుంటలో పోసి, అరచేత్తో అద్దాడు. చుట్టూ ఎర్రరాళ్ళూ నల్లరాళ్ళూ మెరుస్తుంటే మధ్యలో ఉత్త సిమెంటు బూడిద రంగులో ఉంది. అతనికి అది పసుపుగా కనిపించింది. అద్దడం అయిపోయాక లేవబోయాడు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. అక్కడే గట్టుకి ఆనుకుని కూర్చున్నాడు.

కుళాయిలో గాలి బుసకొట్టింది.

"లేవయ్యా, నీళ్ళొస్తున్నయ్," అంది శౌరమ్మ అంట్ల గంప దించుతూ. "తడిసిపోతావ్."

"కుడి పక్క తోముకోవే ఇవాల్టికి," అన్నాడు ఏసుపాదం, కదలకుండా. "ఇటు ఇంకా ఆరలేదు."